నల్లా రాని రోజుల బోటనీ

ఇది మొదలైంది జూన్ నెల రెండో బుధవారం నాడు, పొద్దున పదకొండు గంటల అయిదు నిమిషాలకు. మా గోడ గడియారం కొంచెం ముందు నడుస్తుంది కాబట్టి చేతి గడియారం చూసే ఈ మాట రాస్తున్నాను. ఆ వేళకు మహబూబాబాద్‌లోని మా ఇంటి గేటు తీసుకుని మా తమ్ముడి కొడుకు రమేశ్, అతని వెనక అతని బిడ్డ అక్షర లోపలికి వచ్చారు. కాటారం దగ్గరి వాళ్ల ఊరి నుంచి తెల్లవారుతుండగా బయలుదేరి, భూపాలపల్లిలో ఒకసారి, వరంగల్‌లో ఇంకోసారి బస్సు మారి వచ్చారట. రమేశ్ చేతిలో అరటిపండ్ల సంచి, అక్షర చేతిలో ఫోను. పిల్ల ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. డిగ్రీలో ఏ కాలేజీ కావాలో, ఏ కోర్సు కావాలో ఫోన్‌లోనే వరుసగా ఎంచుకోవాలి. ఆ సాయంత్రం అయిదింటితో గడువు అయిపోతుంది. నేను జూనియర్ కాలేజీలో ముప్పై ఏండ్లు కామర్స్ పాఠం చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి, మా వాళ్లలో ఎవరికి చదువుల ముచ్చట వచ్చినా బండి మా గేటు ముందే ఆగుతుంది.

"మంచిగున్నవా అత్తమ్మా?" అన్నాడు రమేశ్ చెప్పులు విడుస్తూ.

"నేను మంచిగనే ఉన్న. నువ్వేంది గింత బక్కగైనవ్?"

"పోయిన వానకాలం రజితకు జరమొచ్చినప్పటి సంది గిట్లనే. ఆమె తినకపోతే నాకు పోదు."

రజిత అతని భార్య. ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి, అక్షరను బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఫోన్‌లో ఉన్న కోర్సులన్నీ పైకి చదవమన్నాను. ఒక్కటీ వదలొద్దన్నాను. నాకు సగం విని సలహా చెప్పే అలవాటు లేదు.

అక్షర చదవడం మొదలుపెట్టింది. బీఏలో చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం కలిసిన పాత జత ఇంకా బతికే ఉంది. దాని పక్కన సైకాలజీ, జర్నలిజం వచ్చి చేరాయి. నేను చదివిన బీకాంకు ఇప్పుడు కంప్యూటర్స్ అనీ, టాక్సేషన్ అనీ, ఫైనాన్స్ అనీ, బిజినెస్ అనలిటిక్స్ అనీ రకరకాల తోకలు. అందులో కొన్నింటిలో ఏం చెబుతారో ఇంతకాలం అదే పాఠం చెప్పిన నాకూ తెలియదు. బీఎస్సీ సంగతి ఇంకా పెద్దది. గణితంతో పాటు స్టాటిస్టిక్స్, భూగర్భశాస్త్రం, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, ఫుడ్ టెక్నాలజీ, ఫోరెన్సిక్ సైన్స్, డేటా సైన్స్. బీబీఏ వేరే. బట్టల డిజైన్లు నేర్పేది వేరే, హోటల్ నడపడం నేర్పేది వేరే. పిల్లకు మధ్యలో గొంతు ఎండి మంచినీళ్లు తాగాల్సి వచ్చింది.

"గిన్ని ఏంది అత్తమ్మా, టిఫిన్ సెంటర్ల బోర్డు లెక్క," అన్నాడు రమేశ్. "ఇడ్లీ, వడ, మల్ల ఇడ్లీల వడ. గా డేటా సైన్స్ అంటే ఏంది, రోజుకు ఒకటిన్నర జీబీ వస్తది గదేనా?"

"నాయినా, నువ్వు జర ఊకో," అంది అక్షర, నవ్వు ఆపుకుంటూ.

"నీకేం కావాలె బిడ్డా?" అని అడిగాను.

అది తండ్రి వైపు చూసి, మళ్లీ ఫోన్ వైపు చూసి, "మైక్రోబయాలజీ అవ్వా," అంది. ఎందుకని అడిగితే చెప్పింది. పోయిన వానకాలంలో వాళ్లమ్మకు మలేరియా వచ్చి భూపాలపల్లి దవాఖానలో పడుకుంది. రక్తపరీక్ష చేసే ఆమె ఈ పిల్ల రోజూ గది గుమ్మంలో నిలబడటం చూసి, ఒకరోజు లోపలికి పిలిచి సూక్ష్మదర్శినిలో చూడమందట. "అమ్మ నెత్తురు సుక్కల గా పురుగు కండ్లకు గనిపిచ్చింది అవ్వా. ఇంత సన్నగ, ఉంగరం లెక్క. గంత చిన్నది మా అమ్మను మంచం మీద పండవెట్టింది. గప్పటి సంది నాకు గదే మతిల ఉన్నది."

రమేశ్ అంతా విన్నాడు. వద్దనలేదు. మోకాలు రుద్దుకుంటూ అడిగాడు. "అత్తమ్మా, గా కోర్సుల మాపటికి ఎన్ని గంటలకు విడుస్తరు?"

నేను ఖాళీ మజ్జిగ గ్లాసులు తీసి పక్కన పెట్టాను. ఈ మాట నేను అంతకు ముందు ఒకసారి విన్నాను. జనగామలో, ఒక కాలేజీ ఆఫీసు కిటికీ ముందు, మా బాపు నోటి నుంచి.

మాది పెద్దవంగర పక్క ఊరు. ఇంటర్ దాకా హాస్టల్లో ఉండి సైన్స్ చదివాను. డిగ్రీకి ఆడపిల్లల హాస్టల్ లేదు కాబట్టి జనగామలో మా మేనత్త ఇంట్లో ఉండి చదవాలని బాపు నిర్ణయించాడు. ఆ రోజుల్లో ఎంచుకోవడానికి మూడే ఉండేవి. బీఏ, బీకాం, బీఎస్సీ. నాకు ఏది కావాలో నాకు స్పష్టంగా తెలుసు. ఇంటర్‌లో ఉల్లిపొర గాజుపలక మీద పెట్టి చూసిన రోజు నుంచి బోటనీ తప్ప ఇంకోటి నా తలకు ఎక్కలేదు. గోడ కట్టినట్టు వరుసగా అమరిన ఆ గదులు చూసి, మనం తినే ఉల్లిగడ్డలో ఇంత క్రమం ఉందా అనుకున్నాను. క్రమం అంటే నాకు మొదటి నుంచీ ప్రాణం.

బాపు అంతకు ముందు కాలేజీ మెట్లు ఎక్కిన మనిషి కాదు. ఆఫీసు బయటే చెప్పులు విడిచి, తువ్వాల భుజం మీద సర్దుకుని, కిటికీలోంచి గుమాస్తాను అడిగాడు. "సారూ, గీ కోర్సుల మాపటికి ఎన్ని గంటలకు విడుస్తరు?"

గుమాస్తా పాన్ నములుతూ తల ఎత్తాడు. "ఫీజు అడిగెటోళ్లను జూసిన, నౌకరి వస్తదా అని అడిగెటోళ్లను జూసిన. విడిచే టైం అడిగెటోన్ని నిన్నే జూస్తున్న పెద్దమనిషీ. బీఎస్సీకి పగటీలి ప్రాక్టికల్స్ ఉంటయ్, అయిదైతది. బీఏ రెండింటికి. బీకాం ఒంటిగంటకే."

"అయితే గా ఒంటిగంటదే రాయుండ్రి."

"పిల్లకు సైన్సుల మార్కులు బాగున్నయ్ గద."

"మార్కులు నాకెర్క లేదు సారూ. నల్లా మూడింటికొస్తది," అన్నాడు బాపు.

గుమాస్తా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. బాపు అన్నదాంట్లో తప్పేమిటో వెతికాను. దొరకలేదు.

మా మేనత్త పేరు భూలక్ష్మి. నేను అత్తమ్మా అని పిలిచేదాన్ని. చిన్నప్పుడు చెట్టు మీది నుంచి పడి కుడికాలు విరిగితే అది సరిగ్గా అతుక్కోలేదు. నడిచేది, వంగేది, పొయ్యి ముందు గంటల తరబడి కూర్చునేది, కానీ నిండు బిందె ఎత్తి సందులోని మోరీ కాలువ దాటలేకపోయేది. మామ రైలు పట్టాల మీద పనికి పోయి వారంలో సగం రోజులు ఇంటికి రాడు. ఆమె నలుగురు ఉద్యోగులకు రెండు పూటలా క్యారియర్లు కట్టేది. ఆ క్యారియర్లతోనే ఇల్లు నడిచేది. జనగామలో అప్పుడు నీళ్ల కరువు ఎంతంటే, చుట్టం వస్తే మంచినీళ్లు ఇచ్చేముందు ఆ పూట బిందె వైపు ఒకసారి చూసేవాళ్లు. మా సందు మూలకు ఒకటే నల్లా. రోజు విడిచి రోజు, మధ్యాహ్నం మూడింటికి వచ్చి నాలుగున్నరకు పోయేది. ఆ సందులో ఒక కట్టుబాటు ఉండేది. బిందె వరుసలో పెడితే చోటు నీదే, కానీ నీ వంతు వచ్చినప్పుడు బిందె వెనక మనిషి లేకపోతే, పక్కామె దాన్ని తీసి వరుస చివర పెడుతుంది. అందులో పగ లేదు, తిట్టు లేదు. సంక్రాంతికి ఇంటికి పిలిచి సకినాలు పెట్టిన ఆమే మన బిందెను చివరకు జరుపుతుంది. వరుస చివరికి నల్లా ఆగిపోతుంది.

బయటకు వచ్చాక బాపు నాకు గోలీసోడా కొనిచ్చాడు. "చెల్లె ఇంట్ల తిని పంటవ్. చెల్లె బిందె మోయకపోతే ఎట్ల?" అన్నాడు. కొంత దూరం నడిచాక, "కోపమొచ్చిందా?" అని అడిగాడు. లేదు బాపు అన్నాను. అది నిజమే. కోపం ఎవరి మీద పెట్టాలో నాకు తెలియలేదు.

ఆ ఇంటి పొద్దు ఇప్పటికీ నాకు వాసనలతోనే గుర్తుంది. తెల్లారకముందే అత్తమ్మ చింతపండు గుజ్జు, బూడిద కలిపి మూడు ఇత్తడి బిందెలు తోమేది. తడిసిన బూడిద వాసన, కట్టెల పొగ, ఆ తర్వాత పప్పు పొంగి పొయ్యి మీద పడిన వాసన. నాలుగు క్యారియర్లూ ఒకేలా ఉండేవి, కానీ మూత మీది సొట్టలను బట్టి ఆమె పోల్చుకునేది. మధ్యలో సొట్ట ఉన్నది ఎల్లిగడ్డ తినని బ్యాంకాయనది. అంచు వంగింది మిరపకాయ ఎంత వేసినా చాలదనే పోస్టాఫీసాయనది. ఒకసారి బ్యాంకాయన తన క్యారియర్‌కు సొట్ట తీయించి మెరుగు పెట్టించుకొచ్చాడు. మరునాడు అతనికి ఎల్లిగడ్డ కారం పోయింది. "మంచిగున్నదాన్ని ఎవలు బాగుచేయమన్నరు?" అని అత్తమ్మ ఆయననే తిట్టి, ఆయన ముందే పచ్చడిబండ తీసి మూత మధ్యలో మళ్లీ సొట్ట పెట్టింది.

బీకాం క్లాసులో నేనొక్కదాన్నే ఆడపిల్లను. మొదటి బెంచీ మొత్తం నాదే. డెబిట్, క్రెడిట్ రెండు పక్కలా చివరికి సరిపోవడం చూసి, ఇదీ ఒక క్రమమే కదా అని సర్దుకున్నాను. సర్దుకున్నాను అని ఊరికే అనడం లేదు, నాకు ఆ చదువు బాగా వచ్చింది, నా జీవితమంతా దాని మీదే గడిచింది. కానీ మా క్లాసు పక్కనే బోటనీ ల్యాబు. కిటికీలోంచి స్పిరిట్ వాసన, ఫార్మలిన్ వాసన మా గదిలోకి వచ్చేవి. మా క్లాసు ఒంటిగంటకు విడిచేవారు. నల్లా వచ్చే రోజు నేను నేరుగా ఇంటికి పోయేదాన్ని. నల్లా రాని రోజు ల్యాబు గుమ్మం దగ్గర నిలబడేదాన్ని.

బోటనీ సారుది కోస్తా వైపు. నాలుగైదు సార్లు చూసి, "ఏమ్మా, కామర్స్ వాళ్లకి ఇక్కడేం పని?" అని అడిగారు.

"చూస్తా సార్. నిలబడే చూస్తా."

"రికార్డు దిద్దను, మార్కులు వెయ్యను. సరేనా?"

"సరే సార్."

"అయితే గుమ్మంలో కాదు, లోపలికొచ్చి చూడు. వెలుతురికి అడ్డం నిలబడుతున్నావు," అన్నారు.

అలా మూడేళ్లు నేను నల్లా రాని రోజుల బోటనీ చదివాను. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది, అది నాలాంటి లెక్కల మనిషికే పట్టుబడుతుంది. బోటనీ ప్రాక్టికల్స్ వరుసగా రెండు రోజులు ఉండేవి. మొదటిరోజు ప్రయోగం అమర్చేవారు, రెండోరోజు ఫలితం చూసేవారు. నల్లా రోజు విడిచి రోజు కాబట్టి, ఆ రెండు రోజుల్లో ఒకటి తప్పకుండా నల్లా రోజే. ఒక వారం మొదలు చూస్తే చివర పోయేది. ఇంకో వారం చివర చూస్తే మొదలు పోయేది. ఏ ప్రయోగమూ నాకు పూర్తిగా దక్కే దారి లేదు.

నల్లా రాని రోజు సాయంత్రం అత్తమ్మ బియ్యం ఏరుతూ అడిగేది. "ఇయ్యాల ఏం జూసినవ్?" ఆమెకు చదువు రాదు, కానీ చెప్పింది చెప్పినట్టు గుర్తుండేది. ఆలుగడ్డను గిన్నెలాగ తొలిచి చక్కెరనీళ్లు పోసి మామూలు నీళ్లలో పెట్టారంటే, "మరి పొద్దుగాల్లకు ఏమైతది?" అనేది. రేపు నల్లా కదా అంటే మాట మార్చేది.

ఆ రోజు ఆకు ప్రయోగం. కుండీలో మొక్కను రెండు రోజులు చీకట్లో ఉంచి, ఒక ఆకు మధ్యలో నల్లకాగితం పట్టీ బిగించి, ఎండలో పెట్టారు. మరునాడు ఆ ఆకును ఉడికించి, రంగు తీసేసి, అయోడిన్ చుక్కలు వేస్తే, ఎండ తగిలిన చోటు నల్లబడుతుంది, కాగితం కింది చోటు తెల్లగా ఉండిపోతుంది. ఇది సారు చెప్పారు. అత్తమ్మకు నేను చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"కాయిదం కింద తెల్లగనే ఉంటదా?"

"ఉంటదట."

"నువ్వు జూసినవా?"

"రేపు జూస్తరు అత్తమ్మా. రేపు నల్లా."

"రేపు నల్లా నేను జూసుకుంట," అంది అత్తమ్మ. "నువ్వు గా ఆకు సంగతి జూసి రా."

మరునాడు రెండింటికి నేను ల్యాబులో ఉన్నాను. ఆకు వేడినీళ్లలో ఉడుకుతోంది. మూడు గంటలకు దాన్ని స్పిరిట్‌లో వేశారు. ఆకుపచ్చ రంగు మెల్లగా స్పిరిట్‌లోకి దిగుతోంది. నా కళ్లు ఆకు మీద ఉన్నాయి, లెక్క మాత్రం నల్లా దగ్గర నడుస్తోంది. వరుసలో మాది ఎన్నో బిందె, ఒక్కో బిందె నిండటానికి ఎంతసేపు, అత్తమ్మ సగం బిందె ఎత్తగలిగినా ఎన్నిసార్లు తిరగాలి, మధ్యలో మోరీ. ఎన్నిసార్లు వేసినా ఆ లెక్క సరిపోలేదు. ఆకు పాలిపోయింది. సారు అయోడిన్ సీసా మూత తీస్తున్నారు. నేను పుస్తకాలు తీసుకుని పరుగెత్తాను.

సందు మూలకు చేరేసరికి అత్తమ్మ నల్లా దగ్గర ఉంది. చీర మోకాళ్ల దాకా తడిసింది. మొదటి బిందె మోరీ దగ్గర ఒరిగిపోయి ఉంది, నీళ్లు మోరీ పాలయ్యాయి. ఆమె నన్ను చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఆకు నల్లగైందా?"

"ఇంక కాలే."

"మరెందుకొచ్చినవ్?"

నేను బిందె ఎత్తుకున్నాను. వరుసలో ఆడవాళ్లు మమ్మల్ని చూస్తున్నారు. అత్తమ్మ నా వెనకే కుంటుకుంటూ వచ్చి, గడప దగ్గర మెల్లగా అంది. "గంత లెక్కవెట్టి బతుకకు బిడ్డా. జర కండ్లతోని గూడ బతకాలె."

మరునాడు బీఎస్సీ పిల్లలను అడిగి తెలుసుకుని, ఆకు సారు చెప్పినట్టే అయిందట అని చెప్పాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. "వాళ్లు జూసింది నాకెందుకు? నువ్వు జూసినంక చెప్పు," అంది. అది నా చివరి ఏడు, మళ్లీ ఆకు ప్రయోగం పెట్టలేదు. తర్వాత నేను ఉద్యోగంలో చేరిన కాలేజీలో మా స్టాఫ్ రూం పక్కనే ల్యాబు ఉండేది, ఏటా ఆ ప్రయోగం చేసేవారు. నేను వెళ్లలేదు. అప్పటికి అత్తమ్మ లేదు. చూసి వచ్చి ఎవరికి చెప్పాలి?

"అత్తమ్మా, అడుగుతున్న గద, ఎన్ని గంటలకు?" అన్నాడు రమేశ్.

"అయిదింటికి," అన్నాను.

"అయితే కష్టమే. భూపాలపల్లిల నాలుగింటి బస్సు పోతే మల్ల చీకటైనంకనే. అడివి తొవ్వ. రజితకు ఇంక తాకత్ రాలే, మాపటి వంట పిల్లదే. బీకాం అయితే పగటీలికి ఇంటికొస్తదని ఎవలో అన్నరు." అతను అన్న ప్రతి మాటా సరైనదే. ఆ రోజు బాపు మాటలో తప్పు దొరకనట్టే, ఇతని మాటలోనూ నాకు దొరకలేదు. అక్షర ఫోన్ తెర మీద వేలు పెట్టి, ఎటూ జరపకుండా కూర్చుంది. మూడు కోర్సుల చోట ఇప్పుడు ఆ తెర నిండా కోర్సులు. వాటన్నిటినీ ఒక బస్సు వేళ మళ్లీ ఒక్కటిగా చేస్తోంది.

"ఈ ఊర్ల మైక్రోబయాలజీ ఉన్న కాలేజీ ఉన్నది, నడిచి పోవచ్చు," అన్నాను. "పిల్ల నా దగ్గర ఉంటది."

రమేశ్ కంటే ముందు అక్షర తల ఎత్తింది. "అవ్వా, మరి నీ ఇంట్ల నా పనేంది?"

ఆ ప్రశ్న అడగాలని దానికి ఎవరూ నేర్పలేదు. ఒకరింట్లో ఉండే ఆడపిల్లకు అది దానంతట అదే వస్తుంది.

"మా ఇంట్ల నల్లా పొద్దుగాల్లనే వస్తది. మోటరేస్తే ట్యాంకు నిండుతది. నీ పని ఒక్కటే. మాపటికొచ్చి, ఇయ్యాల ఏం జూసినవో నాకు చెప్పాలె. మొదలు, చివర రెండూ."

రమేశ్ బయటకు వెళ్లి భార్యకు ఫోన్ చేశాడు. వరండాలోంచి రజిత గొంతు మాకు వినిపిస్తూనే ఉంది.

"వంట ముచ్చటనా? నువ్వు చెయ్యి. చేతులున్నయ్ గద."

"నాకు అన్నం మెత్తగైతది."

"మెత్తగనే తింట. జరం పడి లేసినోళ్లకు మెత్తటిదే మంచిది. ఉప్పు ఎంతేయాల్నో మంచం మీదికెళ్లి నేను చెప్త. పిల్లను ఆడ ఉండనియ్యి."

రమేశ్ లోపలికి వచ్చి, బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, పక్కన కూర్చున్నాడు. నాలుగు గంటల పది నిమిషాలకు అక్షర మొదటి ఎంపికగా మైక్రోబయాలజీ పెట్టి, గడువుకు ముందే ముగించింది. ఆ కోర్సులో సరిపడా పిల్లలు చేరకపోతే ఈ ఏడు నడపరట. అది కొద్ది రోజుల్లో తెలుస్తుంది. నడపకపోతే రెండో ఎంపికగా కెమిస్ట్రీతో కలిసిన బోటనీ ఉంది. రెంటికీ సాయంత్రం అయిదు దాకా ల్యాబులే. వాళ్లను బస్టాండ్ దాకా సాగనంపి వచ్చి, ఆ పిల్ల కోసం కిటికీ పక్క గది తుడిచాను.

ఇక పోయినవాటి లెక్క. బాపు. అత్తమ్మ. మూడు ఇత్తడి బిందెల్లో రెండు అమ్ముడుపోయాయి, మూడోదానికి అడుగు పోయింది. మధ్యలో సొట్ట ఉన్న క్యారియర్ ఏమైందో తెలియదు. జనగామ సందు మూల నల్లా ఇప్పుడు లేదు. మూడేళ్ల ప్రయోగాల్లో సగం. చూసిన సగంలో మొదలూ చివరా కలిసింది, ఒక్కటీ లేదు. అయోడిన్ సీసా మూత తీశాక ఆ గదిలో గడిచిన కొద్ది నిమిషాలు. అత్తమ్మకు చూసి చెప్పవలసిన జవాబు, ఒకటి.